అటక దిగిన అమ్మ

నగర్తపేట

చిరంజీవి ఓబళప్పకు బావ ఆశీస్సులు. నా రాత కోడిగీతలు, తప్పులుంటాయి, ఏమనుకోవద్దప్పా.

పెండ్లయిన కొత్తలో చూసిన అత్తాకోడళ్ల పాత సినిమాను మీ అక్క మొన్న టీవీలో మళ్లా చూసింది. అప్పుడు కోడలి కోసం ఏడ్చింది. ఇప్పుడు "అత్తదే న్యాయం" అంటాది. ఇన్నేండ్లు అటక మీదుండిన మా అమ్మ పటం దింపి హాల్లో పెట్టించింది. పొద్దున మొదటి కాఫీ పటానికే. నన్ను మాత్రం "ఒక్కరోజన్నా మీ అమ్మ పక్క మాట్లాడితివా? నువ్వూ ఒక కొడుకేనా?" అని తిడతా ఉండాది. అప్పుడు మాట్లాడితే తిట్టిందీ తనే. అయినా అమ్మ హాల్లో ఉండేది నాకు బాగుండాది.

వచ్చే ఆదివారం ఆ సినిమా మళ్లా వేస్తారంట. మీ అక్క మనసు మళ్లా మారితే అమ్మ తిరిగి అటకెక్కుతాది. ఆ రోజు అక్కను చందాపురకు పిలిపించుకో. మీ ఇంట్లో టీవీ పెట్టొద్దు. తొందరగా జవాబు రాయప్పా.

మీ బావ