పళ్ళ డాక్టరుకు మిగిలిన ‘రు’

అక్కా, నీకూ బావకూ నమస్కారాలు. ఆస్పత్రి నుంచి కార్డొచ్చిందని కంగారు పడకు, నేను కులాసా. నిద్ర పడుతోంది, అన్నం సయిస్తోంది. ఇది పోస్టుమాను చదివినా నాకిప్పుడు సిగ్గు లేదు.

ఇక్కడ మంగళవారాలు అందరిచేతా బొమ్మలు వేయిస్తారు. “మనసులో ఏముంటే అది వేయండి” అంది డాక్టరమ్మ. ఇరవై ఏళ్ళు బోర్డులు రాసిన చెయ్యి, బొమ్మ వేయమంటే వింటుందా? స్కేలు అడిగి గీతలు కొట్టి, ఎర్రరంగుతో, అక్షరాలకు నీడతో సహా రాసేశాను: “గది అద్దెకు ఇవ్వబడును.” ఆవిడ చూసి, “లోపల అంత ఖాళీగా ఉందా?” అని మెల్లగా అడిగింది. “అబ్బే, చేతి అలవాటమ్మా” అన్నానే గానీ, అంటూ అంటూనే బావురుమన్నాను. పక్క కుర్చీలోని లెక్కల మాస్టారు తొంగి చూసి, “గదిలో నీళ్ళు బాగానే వస్తున్నట్టున్నాయే!” అన్నాడు. ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చేసింది. నాలుగు నెలల తరవాత నవ్వానేమో, దవడలు నొప్పెట్టాయి.

నా పాత చొక్కాలో చుట్టిన సన్న కుంచెలు పంపు, ఇక్కడివాటికంటే చీపుళ్ళే నయం. మేడమీది కుళాయి కారడం ఆగిందా? బావ మోకాలెలా ఉంది?

నేను నిచ్చెన దిగి మంచమెక్కిన రోజున ‘పళ్ళ డాక్ట’ దగ్గర ఆగిన బోర్డును, ఆ డాక్టరు ఇంకో పెయింటరు చేత పూర్తి చేయిస్తానన్నాడని రాశావు. వద్దని చెప్పు. వచ్చే నెల నేనే నిచ్చెనెక్కుతాను.

చంటిదానికి ముద్దులు. ఆ ‘రు’ మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకు, అది నాది.

నీ తమ్ముడు