ప్రేరణ ఎవత్తని అడిగావు కదా

చి.ల.సౌ. ఊర్మిళకి,

ధర్సీవా నుంచి నీ మొగుడు రాయునది. నేను క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను. ఈ ముక్క లేకపోతే అది ఉత్తరమే కాదంటారని రాశాను గానీ, ఒళ్ళు మండిపోతున్నవాడికి క్షేమమేంటి?

ఫోన్ ఎత్తడం మానేసి ఉత్తరంలో మూడు ప్రశ్నలు పంపావు. బొబ్బిలి గాలికి దగ్గు తగ్గిందో లేదో మాత్రం రాయలేదు. సరే. మేడ కడిగావా అన్నావు. లేదు. వేళకి తింటున్నావా అన్నావు. పక్కింటి సూరమ్మత్త పంపే పులుసు తింటున్నాను, ఉప్పు ఆవిడ సొంత గనిలో తవ్వుతుందనుకుంటా. ఇక మూడోది, ఆ ప్రేరణ ఎవత్తె అని.

మన వీధి ఫణిశ్రీ మోసిన కబురే కదా! మొత్తం విను. రాయపూర్‌లో బొమ్మల ప్రదర్శన పెట్టారు. నేను ఫోన్లో తీసిన ఆరు ఫోటోలు గోడకెక్కాయి. ఒకాయన తన బొమ్మకి మూలం మహానది మీద పొద్దు అన్నాడు. సరోజిని అనే ఆవిడ వాళ్ళమ్మ గాజుల చప్పుడు అంది. తర్వాత మైకు నా మూతికి ఆనించి, "ఆప్ కీ ప్రేరణా కౌన్ హై?" అన్నారు. మన వెనక వీధి టీచరమ్మ తప్ప ఇంకో ప్రేరణ నాకు తెలీదు. "నహీ జీ, మై షాదీషుదా హూఁ!" అని, నాకు పెళ్ళైపోయిందని అరిచాను. హాలంతా ఘొల్లుమంది. బొమ్మ గీయాలని మనసులో దొలిచేదాన్ని కూడా ప్రేరణే అంటారట. ఆ పాఠం వచ్చేసరికి నేను బడి మానేశాను.

ముఖ్య అతిథి ఎవరనుకున్నావు? మా సిల్తారా ప్లాంటు సేఠ్. నా ఫోటో ముందు నించుని, "వాహ్, క్యా కాలా రంగ్ హై!" అన్నాడు. ఆ నలుపు నీ చిమ్నీ కక్కిందేరా అనాలి. ఎవర్నీ వదలని నా నాలుక ఆ పూట కదల్లేదు. అదీ నా మంట.

ఇంకోటుంది. ఆ బొమ్మలు నీవి. పొద్దున్నే మేడ మీద పేరుకున్న నల్లధూళిలో, కడిగే ముందు నువ్వు వేలితో గీసే కోళ్ళు, రైలింజను, బుంగమూతి పెట్టిన నేను. నీ వెనక నించుని తీశాను. కింద నా పేరు వేశారు, నేను వేయనిచ్చాను. దొంగతనమే.

ఆ బుంగమూతి బొమ్మ సేఠ్ తీసుకుని సంతకం పెట్టమన్నాడు. తెలుగులో రాశాను: "గీసింది ఊర్మిళ. దీన్ని తగిలించుకున్నవాడి పొగకే ఆమె దగ్గుతోంది."

"క్యా లిఖా?"

"ఆశీర్వాద్ హై సాబ్."

కళ్ళకద్దుకుని, ప్లాంటు ఆఫీసులో తన కుర్చీ వెనక తగిలించుకున్నాడు. ప్లాంటులో తెలుగు చదవగలిగే ఇంకొకడు దానయ్య. నిన్న వాణ్ణి పిలిచి చదవమన్నాడట. "ఆశీర్వాదమే సాబ్" అని వాడూ అబద్ధమాడొచ్చాడు. "నీకేమైనా పిచ్చా సత్తిరాజూ?" అని నన్ను తిట్టాడు.

నాకోసం వాడు భయపడ్డం నాకు నచ్చలేదు. రేపు నేనే వెళ్ళి హిందీలో చదివి వినిపిస్తాను. ఉద్యోగం పోతే బొబ్బిలి వచ్చేస్తాను, మీ అన్నయ్యకి చెప్పి ఉంచు.

మేడ ఎందుకు కడగలేదంటే, నువ్వెళ్ళిన రోజు గీసింది అలాగే ఉంది. పైన వేలెడు మందం ధూళి పడింది. కనపడదు. కింద ఉంది.

ఇట్లు,
నీ బుంగమూతి మొగుడు
సత్తిరాజు