కమలమ్మ గుమ్మం ముందు తొమ్మిది మంది

మంగళవారం, కూర్మన్నపాలెం

అప్పు తీసుకున్నవాళ్ళు కట్టుకోవాలి కదా అని పొద్దున అన్నది నువ్వే. నీ నోటితో ఫైనాన్స్ కంపెనీ మాట్లాడింది. డైరీలో రాసుకుంటున్న ఈ తిట్టు నాకే.

స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు కూలీలను తగ్గించినప్పుడు ఎదురింటి కమలమ్మ భర్తకు గేటు పాసు పోయింది. ఈ వారం ఆమె ఫైనాన్స్ అప్పు వాయిదా కట్టలేకపోయింది. కంపెనీ ఏజెంటు ఆమెను ఒక్క మాటా అనలేదు. ఒకరికొకరు పూచీ ఉండి అప్పు తీసుకున్న పదిమంది ఆడవాళ్ళ గ్రూపులో మిగతా తొమ్మిది మందిని తెచ్చి ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టాడు. డబ్బు అందేదాకా ఎవరూ లేవకూడదట. అందులో నా భార్య సుజాత కూడా ఉంది. ఎంత నీచమైన తెలివి!

మధ్యాహ్నానికి కమలమ్మ గ్యాస్ సిలిండరు దొర్లించుకుంటూ బయటికొచ్చింది. "ఇది అమ్మేసి కట్టేత్తాను, లెగండమ్మా" అంది.

సుజాత లేచి దాన్ని వెనక్కి తోసింది. "లోనెట్టు వదినా. రేపు దేనిమీద వండుతావు, ఈ ఏజెంటు బాబు టై మీదా?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"అయితే ఆవిడ వాయిదా మీరే కట్టాలి మేడమ్" అన్నాడు ఏజెంటు.

"వచ్చే వారం మావెవరమూ కట్టం. అప్పుడు ఎవరి గుమ్మంలో ఎవర్ని కూకోబెడతావో సూత్తాం!" అంది సుజాత.

ఇరవై ఏళ్ళుగా ఐక్యత మీద కరపత్రాలు రాస్తున్న నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. ఎదురు తిరిగింది ఆమే కాబట్టి కంపెనీ నోటీసంటూ వస్తే ముందు సుజాతకే వస్తుంది. భయంగానే ఉంది. అయినా ఆమె తమ డిమాండ్లు రాసిపెట్టమంది, రాశాను.

ఒకరి బాకీకి ఇంకొకరిని కాపలా పెట్టకూడదు.
వసూలు కోసం ఇళ్ళ మీదికి రాకూడదు.
పని పోయిన ఇంటికి మళ్ళీ పని దొరికేదాకా వాయిదాలు, వడ్డీ ఆపాలి.
కమలమ్మ భర్తకు గేటు పాసు తిరిగి ఇవ్వాలి.