నీ కంచంలో చివరి ముద్ద

అమ్మా, ఇక్కడ నేనూ తమ్ముడూ బాగానే ఉన్నాం, కంగారుపడకు.

వాడికి కడుపులో మంట తగ్గకపోతే, కుట్టుపని పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పరీక్ష కోసం ఇద్దరి చేతా సంచుల్లో ఊదించారు. వాడి కడుపులో బాక్టీరియా ఉందట, నాకు లేదట. “ఉన్నవాళ్లందరికీ ప్రమాదం కాదు. ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరికి క్యాన్సర్ దాకా పోతుంది. మందులు వాడితే ఆ బాక్టీరియా చచ్చిపోతుంది” అన్నారాయన. చిన్నప్పుడు ఇంట్లోవాళ్ల ఎంగిలి వల్ల కూడా అంటుతుందట. “ఒకే కంచంలో తినేవాళ్లా?” అని అడిగారు. “వాడొక్కడే, మా అమ్మ కంచంలో” అన్నాను. నీ చివరి ముద్ద ఎప్పుడూ వాడికే కదా, నేను గిన్నెలు తోముతూ చూసేదాన్ని. నాకు లేదంటే సంతోషించాలి గానీ, ఆఖరికి ఇదీ వాడికే ఇచ్చావా అని కుళ్లుకున్నాను.

అమ్మమ్మ పోయింది కడుపులో క్యాన్సర్‌తోనే. సాకులు చెప్పకుండా నువ్వూ పరీక్ష చేయించుకో. ఉంటే మందులు మధ్యలో ఆపకు. నాన్న కళ్లజోడు బాగుచేయించారా? నా గొడుగు ఎవరికీ ఇవ్వకు.

నాన్నకు నమస్కారాలు. నీ కడుపులో అది లేదని తేలాక వస్తాను. ఆ పూట చివరి ముద్ద నాకు పెట్టు. వాడు పక్కనే నోరు తెరుచుకుని కూర్చున్నా సరే.

నీ పెద్దది