అన్నా, స్క్రీన్ నిన్ను పలకరించింది

డేవిడ్ అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చర్చి నుంచి రాగానే నీ ల్యాప్‌టాప్ తెరిచాను. రొయ్యల గుంటల్లో కరెంటు పోయి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే రైతు ఫోను మోగేలా నువ్వు రాసిన ప్రోగ్రాం ఈ మధ్య పనిచేయడం మానేసింది. దాన్ని సరిచేశాను. కానీ నువ్వు కోడ్ దాచిన సైటులోకి పంపాలంటే, పంపేది ఎవరో సైటు గుర్తుపట్టే ఎస్‌ఎస్‌హెచ్ కీ కావాలట.

నీ స్నేహితుడు ఖాదర్ అన్న ఫోనులో చెబుతుంటే టైప్ చేశాను. కీ ఒకటి కాదు, జంటగా వస్తుంది. ఒకటి సైటుకు ఇవ్వాలి, రెండోది ఎవరికీ చూపకూడదు. ఏది ఏదో తికమకపడుతుంటే స్క్రీన్ అడిగింది, ఇక్కడ పాత కీ ఉంది, దాన్ని చెరిపి కొత్తది రాసేయనా అని.

"అది మీ అన్నదిమ్మా. వద్దని చెప్పి వేరే పేరు పెట్టు," అన్నాడు ఖాదర్ అన్న.

పెట్టాను. కొత్త కీని సైటులోని నా ఖాతాలో చేర్చి, నన్ను గుర్తుపడుతుందో లేదో పరీక్షించాను. "హాయ్ డేవిడ్" అని వచ్చింది.

"ఇదేంది ఖాదరన్నా, నా పేరు కదా రావాల?"

"కంప్యూటర్ సైటుకు పాత కీనే ముందు చూపిస్తా ఉండాది. ఆ పేరుతోనే పంపేయ్‌మ్మా, ఎవురూ అడగరు."

"అన్న పంపినట్టు పడతాది. వద్దన్నా."

అప్పుడు ఆయన ఒక సెట్టింగుల ఫైలు పేరు చెబితే, అందులో నా కీనే వాడమని రాశాను. ఈసారి "హాయ్ రూతు" అని వచ్చింది. కోడ్ వెళ్లింది. సాయంత్రం కోట ఊళ్లో రొయ్యల రైతు సుబ్బయ్య గారు గుంట దగ్గర కరెంటు ఆపి చూస్తే ఫోను మోగిందట.

సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. ఎందుకో ఇంకోసారి పరీక్షించాను. మళ్లీ నా పేరే వచ్చింది.

నీ చెల్లెలు,
రూతు