తుపాకీ మోగితే వచ్చే డేగ

ఓస్టర్‌సెలె రంపపు మిల్లు,
అక్టోబరు 5, గురువారం

మా వేటజట్టు పెద్ద, అమ్మకు అన్న అయిన హాల్వార్ మామయ్యకు మైకెన్ నమస్కరించి రాస్తున్నది. అత్త మోకాలినొప్పి నెమ్మదించిందని తలుస్తాను. మిల్లులో అందరం బాగానే ఉన్నాం. మర్యాదలు ఇంతటితో సరి.

ప్రయోగశాల నుంచి జవాబు వచ్చింది. పోయిన నెల నా చేతుల్లో చచ్చిపోయిన తెల్లతోక డేగ కడుపులో సీసం. ఎక్స్‌రేలో నూకలు చల్లినట్టు తెల్ల చుక్కలు. దుప్పి ఒంట్లో మన తూటా చిట్లితే రాలే నూకలే అవి. మాంసం మనం తెచ్చుకుని పేగులు అడవిలో వదిలాం. అది తింది.

ఎలా చచ్చిందో నీకు చెప్పలేదు. నాచు మీద కూర్చుని ఉంది. రెక్కలు తడిబట్టల్లా వేలాడుతున్నాయి. నన్ను చూసి ఎగరలేదు సరికదా, నడుచుకుంటూ నా దగ్గరికే వచ్చింది. తల నిలవక పక్కకు ఒరిగిపోతోంది, కళ్లు మాత్రం నన్ను వదల్లేదు. కోటులో చుట్టి కారెక్కించాను. పట్నం చేరేలోగా ప్రాణం పోయింది. నా చేతితొడుగును పట్టిన గోళ్లు మాత్రం విడలేదు. తొడుగు దానికే వదిలేశాను.

ఇప్పుడు దాని జంట, మగడేగ, మిల్లుకొస్తోంది. తుపాకీ మోగితే తిండి దొరుకుతుందని మనమే కదా నేర్పింది! మొద్దు పడి తుపాకీలా ఢామ్మంటే చాలు, రేకుల కప్పు మీద గోళ్ల చప్పుడు. పట్టపగలు, రంపాల రొదలో కూడా నాకు వినిపిస్తుంది. నలభైమంది పనివాళ్లం ఉంటే నావైపే చూస్తుంది. మొదట్లో బోర్యె ముసలాడు, "మైకెన్, నీకు పెళ్లికొడుకొచ్చాడే, కాఫీ పెట్టు!" అని నవ్వాడు. నిన్న మూడోసారి వచ్చేసరికి టోపీ తీసి, "దాన్ని పొమ్మనవే" అన్నాడు, గొంతు తగ్గించి.

ఎల్లుండి శనివారం జట్టు సమావేశం. పోయినసారి నేను రాగి తూటాల మాటెత్తితే ఏమన్నావు? "మీ తాత సీసంతోనే కొట్టాడు, నేనూ సీసంతోనే కొడతా. ఫోన్లో నాలుగు ముక్కలు చదివి నాకే వేట నేర్పుతావటే?" అన్నావు. అవును, చదివాను. బడి మానేశానే గానీ చదవడం మానలేదు. రాగి అలా నూకలై చిట్లదు. నీ తుపాకీకి సరిపోయేవి దొరుకుతున్నాయి. గురి సరిచూసుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. డేగ వాటా అని పేగుల కుప్ప దగ్గర టోపీ తీసి నిలబడతాం మనం. అంత భక్తిగా విషం పెట్టేవాళ్లు ఇంకెక్కడైనా ఉన్నారా?

సోమవారం వేట మళ్లీ మొదలు. మొదటి తుపాకీ మోగగానే మగడేగ వస్తుంది, మనం పెట్టింది తింటుంది. రాగి తూటాలకు నువ్వు చెయ్యెత్తితే జట్టంతా ఎత్తుతుంది. ఎత్తు మామయ్యా.

కోపంతో, అయినా నీ మేనకోడలే,
మైకెన్

తా.క. ఆడడేగ తిన్న ఆ పేగుల కుప్ప నీది కాదు. జట్టులో మరెవరిదీ కాదు. నా మొదటి దుప్పిది. ఇన్ని నీతులు చెప్పేదాన్ని, నువ్విచ్చిన డబ్బాలో మూడు సీసపు తూటాలు మిగిలాయి, పారెయ్యడమెందుకులే అనుకున్నాను. టోపీ తీసి, రమ్మని పిలిచింది నేనే. వారం తర్వాత మగడేగ పైన చక్కర్లు కొడుతుంటే ఆడడేగ నా కుప్ప పక్కనే కూర్చుని ఉంది. శనివారం అందరి ముందూ ఇదే చెబుతాను.

భోజన విరామంలో రాస్తున్నాను. రంపాలు ఆగి ఉన్నాయి, మొద్దేదీ పడలేదు. కప్పు మీద గోళ్ల చప్పుడు.