పాత మైదానం, తొమ్మిదో పేజీ

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. తింటున్నాను. నిద్ర పడుతోంది. మీ అమ్మ పోయి ఐదు నెలలైనా అలవాటు కొద్దీ ఆమె గదిలో ఫ్యాను వేస్తున్నాను. గుర్తొచ్చాక ఆపేస్తున్నాను.

ఫుట్‌బాల్ క్లబ్బు పాత మైదానాన్ని ఈ వారం పడగొడుతున్నారు. దాని చరిత్ర రాసిమ్మని కార్యదర్శి అడిగాడు. కాలేజీలో నా దగ్గర లెక్కలు చదివినవాడే. పద్నాలుగు పేజీలయ్యాయి. ఇటుకబట్టీ గుంట పూడ్చి మైదానం చేయడం, తూర్పు స్టాండు రేకులు గాలివానకి లేచిపోయి పక్కవీధి లాండ్రీ మీద పడడం, పద్దెనిమిదేళ్ళ క్రితం చివరి మ్యాచ్ రోజు జనం గడ్డి పెళ్ళగించి జేబుల్లో పెట్టుకుపోవడం, అన్నీ రాశాను. తొమ్మిదో పేజీలో నీళ్ళ సంగతి ఉంది. ఆట మధ్యలో గడ్డి తడిపే గొట్టాలన్నీ ఒక్కసారి చిమ్మి, ఆటగాళ్ళూ రిఫరీ తడిసి ముద్దయిన రోజు. మైదానం చూసుకునే ఆయన పొరపాటు అది. అప్పటినుంచే ఆయన అందరికీ 'వాన బాబాయి'.

పాత స్టాండు చెక్కతో బెంచీలు చేయించి కొత్త స్టేడియం ముందు వేస్తున్నారు. ఆ మైదానాన్ని అంటిపెట్టుకుని బతికినవాళ్ళ పేర్లు ఇత్తడి రేకు మీద చెక్కి బెంచీకి బిగిస్తారు. మన బెంచీకి అమ్మ పేరూ నా పేరూ వేయించమన్నావు. నాదొక్కటే వేయమన్నాను. కోపం తెచ్చుకోకు, కారణం విను.

మీ అన్నయ్య నీకు ఫోటోగానే తెలుసు. నాలుగేళ్ళవాడు, మూడు రోజుల జ్వరం. వాడు పోయిన వారానికే నేను మళ్ళీ స్కోర్‌బోర్డు ఎక్కాను. ముప్పై అడుగుల ఎత్తున చెక్క మీద నిలబడి రేకు అంకెలు కొక్కేలకి తగిలించే పని. ఇంట్లో కూర్చోలేకపోయాను. "ఒక్కసారి నాతో రా" అని మీ అమ్మని బతిమాలాను. "బంతి కోసం కొట్టుకునేవాళ్ళని చూడ్డానికి అంత దూరం దేనికండీ? నా మూడో తరగతిలోనే అలాంటివాళ్ళు నలభై మంది ఉన్నారు" అంది. సరేనన్నాను. కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఆ బోర్డు ఎక్కాను. ఆమె ఒక్కసారీ రాలేదు. మ్యాచ్ ముగిసి నేను ఇల్లు చేరేసరికి, స్పెషల్ క్లాసుల నుంచి అప్పుడే వచ్చి, చీర అంచున సుద్దపొడి దులుపుకుంటూ ఉండేది. "ఎంత?" అనేది. స్కోరు చెప్పేవాణ్ణి. అంతే.

రాని మనిషి పేరు ఆ రేకు మీద అబద్ధమవుతుంది.

మీ నాన్న


చిట్టితల్లీ,

అక్షరాలు కుదురుగా లేకపోతే ఏమీ అనుకోకు.

నిన్న పొద్దున మైదానాన్ని చివరిసారి చూడ్డానికి వెళ్ళాను. వాన బాబాయి గేటు దగ్గరే ఉన్నాడు.

"వచ్చారా మాస్టారూ! అమ్మగారి కుర్చీ పట్టుకెళ్ళండి. రేపటికి పిండైపోతుంది."

"ఏ అమ్మగారు?"

"ఏ అమ్మగారేంటి? మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారు?"

బాబాయికి మతి తప్పిందనుకున్నాను. పడమటి స్టాండు కింద, గీతలకి సున్నం కలిపే గది తాళం తీశాడు. సున్నం తొట్టి, నీళ్ళ పంపు చక్రం, చిన్న కిటికీ. కిటికీకి ఎదురుగా స్కోర్‌బోర్డు. కిటికీ దగ్గర ఒక చెక్క కుర్చీ.

"బాబు పోయాక మీరు పైన పడిపోకుండా కట్టుకునే బెల్టు పెట్టుకోవడం మానేశారు. నాకు కనపడేది. చెప్తే మీరు వినే రకమా? కూరల దగ్గర అమ్మగారు కనిపిస్తే చెప్పేశాను. ఆ తర్వాతి మ్యాచ్‌కే వచ్చేశారు. వెనక గేటులోంచి తీసుకొచ్చేవాణ్ణి. ఆట మొదలైన దగ్గర్నుంచీ మిమ్మల్నే చూస్తూ కూర్చునేవారు. గోల్ పడినా బంతి వైపు చూసేవారు కాదు."

గోడ మీద పెన్సిలుతో తేదీలు. పద్నాలుగేళ్ళ తేదీలు, మీ అమ్మ గుండ్రటి చేతిరాత. ప్రతి తేదీ పక్కనా ఒకటే మాట. 'దిగారు.'

ఒక్క తేదీ పక్కన మూడుసార్లు ఉంది. దిగారు. దిగారు. దిగారు.

అది నీళ్ళు చిమ్మిన రోజు.

"ఆ రోజు మీరు రెండు సున్నాలూ ఊడదీసి పక్కన పేర్చారు. ఆట సగం కూడా కాలేదు. 'సున్నాలెందుకు తీస్తున్నారు బాబాయ్?' అన్నారు అమ్మగారు. నాకర్థమయ్యేలోపే ఆవిడే పంపు తిప్పేశారు."

నిజమే, చిట్టీ. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నేను మెట్ల మీదుగా దిగాలనుకోలేదు. నా పని శుభ్రంగా సర్దేసి పోదామనుకున్నాను. ఇంతలో నీళ్ళు లేచాయి. రిఫరీ ఈల ఊదబోతే నోట్లోకి నీళ్ళు పోయి దగ్గాడు. నాకు నవ్వొచ్చింది. వాడు పోయాక మొదటిసారి. నవ్వుతూ అలాగే చెక్క మీద కూలబడ్డాను. చేయి దానంతటదే బెల్టు కొక్కెం తగిలించింది.

"ఇన్నేళ్ళూ మీరెందుకు మాట పడ్డారు?" అన్నాను.

"ఆవిడ ఉన్నన్నాళ్ళూ మీకు తెలియకూడదని ఒట్టు వేయించుకున్నారు. అయినా పేరుకేం మాస్టారూ, చల్లగా ఉంది కదా."

మూడో తరగతి పిల్లలకి పద్నాలుగేళ్ళపాటు ప్రతి మ్యాచ్ రోజూ స్పెషల్ క్లాసులేమిటని ఈ లెక్కల మాస్టారికి తట్టలేదు. అది సుద్దపొడి కాదు, గీతల సున్నం. "ఎంత?" అని అడిగినప్పుడల్లా స్కోరు ఆమెకు తెలుసు. నా గొంతు వినడానికి అడిగేది కాబోలు.

నువ్వు పుట్టింది ఆ నీళ్ళ రోజు తర్వాత రెండేళ్ళకి.

కుర్చీ తెచ్చుకున్నాను. ఇంకేమీ రాయలేను.

మీ నాన్న


చిరంజీవి కార్యదర్శికి,

పుస్తకం అచ్చుకి పోకముందే తొమ్మిదో పేజీ మార్చు. 'మైదానం చూసుకునే వ్యక్తి పొరపాటు వల్ల' అన్న వాక్యం కొట్టేసి ఇలా వేయి: 'ఆ రోజు నీళ్ళు వదిలింది స్కోర్‌బోర్డు మనిషి భార్య. తెలిసే వదిలింది.'

ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గరికి పంపు. చెబుతాను.

వాన బాబాయికి ఒక ప్రతి నువ్వే స్వయంగా ఇవ్వు. చదివి వినిపించు.

మా బెంచీ మీద రెండు పేర్లు. ఆమెది ముందు.

ఆశీస్సులతో,
మీ లెక్కల మాస్టారు